అత్తవారి దేశంలో విశ్రాంత జీవితం: ఏ వీసా మేలు?

విశాఖలో పుట్టి డాలస్‌లో స్థిరపడిన ఒకాయన అక్కడి అమెరికన్ యువతిని పెళ్లాడారనుకుందాం. అరవై దాటాక ఇద్దరూ విశాఖ వచ్చేద్దామనుకున్నారు. సముద్రం కనిపించే ఫ్లాటు కూడా చూసుకున్నారు. మరి ఆమె ఇక్కడ ఏ కాగితం మీద ఉండాలి?

థాయిలాండ్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలు విదేశీయుల వయసు, బ్యాంకు నిల్వ చూసి రిటైర్మెంట్ వీసా ఇస్తాయి. మన దేశంలో అలాంటి వీసా లేదు. పింఛను ఎంత వస్తున్నా దాన్ని చూపించి ఇక్కడ స్థిరపడలేరు. ఆమెకు దారి చూపించాల్సింది ఆ పెళ్లే.

ముందుగా అందరికీ తట్టేది టూరిస్టు వీసా. ఆన్‌లైన్‌లో సులువుగా వస్తుంది, అమెరికన్లకు ఐదేళ్లదీ దొరుకుతుంది. అయితే వీసా ఐదేళ్లది కదా అని ఐదేళ్లూ ఉండిపోవడానికి లేదు. ఒక విడతలో అమెరికన్లు 180 రోజులకు మించి ఉండకూడదు. ఎండలు, ఉక్కపోత, బంధువుల రాకపోకలు తట్టుకోగలమా అని ఓ సీజను చూసుకోవడానికి ఇది బాగుంటుంది. కాపురం పెట్టడానికి పనికిరాదు.

రెండోది ఎంట్రీ వీసా. దీన్నే ఎక్స్ వీసా అంటారు. భారత పౌరుల, భారత సంతతి వారి జీవిత భాగస్వాములకు ఇది ఇస్తారు. గడువు సాధారణంగా ఐదేళ్ల వరకూ ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. దీర్ఘకాలం ఉండేవారు విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో పేరు రాయించుకోవాలి. చిరునామా మారినా అక్కడ తెలపాలి. పెళ్లయి రెండేళ్లు నిండనివారికి, కింద చెప్పే మూడో దారి తెరుచుకునేదాకా ఇదే సరైన వంతెన.

మూడోది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు. దీనితో జీవితాంతం ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండవచ్చు, ఎఫ్‌ఆర్‌ఆర్‌వో నమోదు అక్కర్లేదు. స్థిరపడదలచినవారికి ఇంతకు మించింది లేదు. కాకపోతే 1955 పౌరసత్వ చట్టంలోని 7ఎ సెక్షన్ ప్రకారం పెళ్లి రిజిస్టరై ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు ఎడతెగకుండా సాగి ఉండాలి. భద్రతా తనిఖీ కూడా ఉంటుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులకు ఈ కార్డు ఇవ్వరు. టూరిస్టు వీసా మీద వచ్చి, ఇక్కడ కూర్చుని దీనికి దరఖాస్తు పెట్టుకోవడం కుదరదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో ముడి భర్త వైపు ఉంది. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, మన దేశంలో పుట్టినా చట్టం దృష్టిలో విదేశీయుడే. భార్యకు భాగస్వామి హోదాలో ఓసీఐ రావాలంటే భర్త భారత పౌరుడైనా కావాలి, ఓసీఐ కార్డుదారైనా కావాలి. కాబట్టి పాత భారత పాస్‌పోర్టు సరెండర్ చేసి, ముందు ఆయన కార్డు తెచ్చుకోవాలి.

కార్డు చేతికొచ్చాక కూడా అది పెళ్లితోనే ముడిపడి ఉంటుంది. విడాకులైతే రద్దు చేయవచ్చు. కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ మూడు నెలల్లోగా దాని నకలు, ఫొటోతో పాటు వివాహం కొనసాగుతోందన్న ప్రకటననూ ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఓటు హక్కు ఉండదు. ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనరాదు. రిటైరయ్యాక ఊళ్లో నాలుగెకరాలు కొని మామిడి మొక్కలు పెట్టుకుందామనుకునే ఓసీఐ దంపతులు ఇది గమనించాలి. వారసత్వంగా వచ్చిన పొలం సంగతి వేరు, దాన్ని ఉంచుకోవచ్చు.

మొత్తం మీద, పెళ్లయి రెండేళ్లు దాటిన జంట విదేశంలో ఉండగానే ఓసీఐ తెచ్చుకుని బయలుదేరడం మేలు. రెండేళ్లు నిండకపోతే ఎంట్రీ వీసా మీద రండి. టూరిస్టు వీసాను నమ్ముకుని అక్కడి ఇల్లు మాత్రం అమ్మకండి. గుళ్లో జరిగిన పెళ్లికి ఫొటోలు, శుభలేఖ ఉంటే సరిపోదు. రిజిస్ట్రేషన్ పత్రం కావాలి. అది విదేశంలో ఇచ్చినదైతే, పత్రం అసలైనదేనని ధ్రువీకరించే అపోస్టిల్ ముద్ర వేయించి దగ్గర పెట్టుకోండి. రుసుములు, నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తుకు ముందు ప్రభుత్వ ఓసీఐ వెబ్‌సైట్ ఒకసారి చూడండి. విమానం టిక్కెట్ల కంటే ముందు పెళ్లి సర్టిఫికెట్ ఎక్కడుందో వెతకండి.