పాత పికప్ బండికి కొత్త బలం

"పైన పటారం, లోన లొటారం" అని సామెత. పాత బండి కొనేవాళ్ళు ఈ సామెతను మరచిపోకూడదు. పైన రంగు మెరుస్తూ ఉంటుంది. కింద చట్రం తుప్పు పట్టి ఉంటుంది. రంగు చూసి మోసపోతే డబ్బు పోతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

కూరగాయలు పండించే రైతుకి సొంత బండి ఉంటే ఎంతో మేలు. తెల్లవారేసరికి సరుకు రైతు బజారుకి చేరుతుంది. కిరాయి మిగులుతుంది. కొత్త బండి కొనాలంటే అందరి తరమూ కాదు. అందుకే చాలామంది పాత పికప్ కొంటారు. ఇంటి దగ్గరే కొంత బాగుచేసుకుంటారు. అది మంచిదే. కాని ఏ పని ముందు చెయ్యాలి? ఏ పని ఇంట్లో చేసుకోవచ్చు? ఏది మెకానిక్కుకి వదలాలి? ఏది అసలు చెయ్యకూడదు? ఇవి తెలియాలి.

చిన్న సరుకు బండ్లు ఎలా వచ్చాయి?

ఒకప్పుడు ఊరి పంట ఎడ్లబండి మీదో, లారీ మీదో పోయేది. 1980ల తర్వాత చిన్న సరుకు బండ్లు పెరిగాయి. హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను వారి నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో ఇలాంటి బండ్ల ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. 1986లో టాటా 407 వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. ఇలాంటి బండ్లు మన రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరుగుతాయి. వీటి సామాన్లు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతాయి. అందుకే పాత బండిని నిలబెట్టుకోవడం కుదురుతుంది.

ముందు కాగితం, తర్వాత ఇనుము

బండి చూడటానికి ముందు ఆర్‌సీ చదవాలి. చదువు వచ్చినవాళ్ళు ఇంకొకరి మాట మీద ఆధారపడనక్కర్లేదు.

ఆర్‌సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది. అదే నంబరు బండి చట్రం మీద కొట్టి ఉంటుంది. రెండూ ఒక్కొక్క అంకె సరిచూడాలి. ఇంజను నంబరు కూడా అంతే. నంబరు గీకేసి ఉన్నా, కలవకపోయినా ఆ బండి వద్దు.

ఫైనాన్సు బాకీ ఉంటే అదీ ఆర్‌సీలో రాసి ఉంటుంది. బాకీ తీరినట్టు కాగితం ఇవ్వనిదే డబ్బు ఇవ్వకూడదు. పన్ను, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఏ తేదీ వరకు ఉన్నాయో చూడాలి. సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. 15 ఏళ్ళు దాటిన బండికి ఆ ఫీజు ఎక్కువ. ఈ ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి.

కొన్న తర్వాత పేరు మార్పించుకోవాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలపాలి.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది?

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా తొందరగా పడుతుంది. చేపలు మోసిన బండి, ఎరువుల బస్తాలు మోసిన బండి తొందరగా తింటాయి. సందుల్లో బురద పేరుకుంటే అక్కడ తడి ఆరదు. తుప్పు అక్కడే మొదలవుతుంది.

చట్రం అతుకుల దగ్గర, కమాన్ పట్టీలు బిగించిన చోట, తొట్టి కింద, తలుపుల అడుగున చూడాలి. చిన్న సుత్తితో తట్టి చూడాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. చివికిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే లోపలికి దిగుతుంది.

తొట్టి రేకు చివికితే మార్చుకోవచ్చు. చట్రం విరిగినా, వంగినా, చాలాచోట్ల అతుకులు వేసి ఉన్నా ఆ బండి కొనకపోవడమే మేలు. అలాంటి బండి ఇంట్లోనే ఉంటే, ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్టు తీసుకోవచ్చు. 2021లో వచ్చిన తుక్కు విధానం ఇందుకు వీలు కల్పించింది.

పనికి దిగేముందు

జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. జాకీ జారితే అంతే సంగతులు. నేల గట్టిగా ఉన్నచోట బండి నిలపాలి. మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. జాకీతో లేపాక చట్రం కింద ఇనప స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పెట్టకూడదు. బరువుకి పగులుతాయి.

వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యాలి. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. వేడిగా ఉన్న రేడియేటరు మూత తియ్యకూడదు. మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

మొదటి పని బ్రేకు

చాలామంది రంగుతో మొదలుపెడతారు. అది తప్పు. మొదలు బ్రేకులు చూడాలి. బండి కదలకపోతే పని ఆగుతుంది. బండి ఆగకపోతే మనిషి పోతాడు.

బ్రేకు లైనర్లు అరిగిపోయాయేమో చూడాలి. చక్రం లోపలివైపు తడిగా ఉంటే వీల్ సిలిండరు కారుతున్నట్టే. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెరుపు. గాలి కొట్టి దుమ్ము దులపకూడదు. తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకి మాస్కు కట్టుకోవాలి.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడికి తొందరగా మరుగుతుంది. లోపల ఆవిరి పుడుతుంది. అప్పుడు పెడలు నొక్కితే మెత్తగా దిగిపోతుంది, బ్రేకు పట్టదు. అందుకే రెండేళ్ళకోసారి ఆయిలు మార్చడం మంచిది. ఏ రకం ఆయిలు పొయ్యాలో డబ్బా మూత మీద రాసి ఉంటుంది. అదే పొయ్యాలి.

ఇంట్లో చేసుకున్నా సరే, పని అయ్యాక మెకానిక్కుకి ఒకసారి చూపించాలి. స్టీరింగు పని, చట్రం వెల్డింగు, డీజిలు పంపు పని ఇంట్లో వద్దు.

టైరు గాళ్ళు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే, 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాళ్ళు బాగున్నా, పాతబడి పక్కలు పగిలిన టైరు వాడకూడదు.

పొగ చెప్పే సంగతి

ఇంజను జబ్బు పొగలో తెలుస్తుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతోంది. రింగులు అరిగి ఉండవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి నీరు దిగుతూ ఉండవచ్చు. ఆయిలు పాల రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఇవి మెకానిక్కు చూడాల్సిన పనులు.

ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, బల్బులు ఇంట్లో మార్చుకోవచ్చు. తీసేసిన పాత ఆయిలు నేల మీద గాని, కాలవలో గాని పొయ్యకూడదు. నీళ్ళు పాడవుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునేవారికి ఇవ్వాలి.

ఆఖరి పని రంగు

తుప్పును వైరు బ్రష్షుతో గీకాలి. ఉప్పు కాగితంతో రుద్దాలి. దుమ్ము తుడిచి, అదే రోజు రెడాక్సైడు ప్రైమరు వెయ్యాలి. రాత్రంతా వదిలేస్తే మంచు తగిలి మళ్ళీ తుప్పు లేస్తుంది. తుప్పు మీదే లప్పం పెట్టి రంగు వెయ్యకూడదు. అది పుండు మీద కట్టు కట్టి దాచినట్టు. లోపల తింటూనే ఉంటుంది.

పాత రంగులో సీసం ఉండవచ్చు. గీకేటప్పుడు మాస్కు కట్టుకోవాలి. బండి రంగే మార్చాలంటే ఆర్‌సీలో రాయించాలి.

ఏం మార్చుకోవచ్చు? ఏం మార్చకూడదు?

తొట్టిలో చెక్కలు పరచుకోవచ్చు, రబ్బరు చాప వేసుకోవచ్చు. తాళ్ళు కట్టే కొక్కేలు బిగించుకోవచ్చు. టార్పాలిను కప్పుకోవచ్చు. బండి వెనక ఎర్రగా మెరిసే పట్టీ అంటించాలి. చీకట్లో వెనక వచ్చేవారికి బండి కనబడుతుంది.

కాని చట్రం పొడుగు పెంచడం, తొట్టి గోడలు ఎత్తు చెయ్యడం, వేరే ఇంజను పెట్టడం సొంతంగా చేసే పనులు కావు. మోటారు వాహనాల చట్టం 1988 లోని 52వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. కంపెనీ తయారు చేసిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. మార్పు అవసరమైతే ముందే రవాణా ఆఫీసులో అడగాలి.

ముందు భాగాన ఇనప గార్డు బిగించడం కూడా తప్పేనని 2017లో కేంద్ర ప్రభుత్వం తెలిపింది. ఆ గార్డు తగిలితే నడిచేవాళ్ళకి దెబ్బ ఎక్కువవుతుంది.

బలం పెంచామనుకుంటే బలి అవుతాం

కొందరు ఎక్కువ సరుకు వెయ్యడానికి కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తారు. బండి కుంగదు. బలం పెరిగిందని సంతోషిస్తారు. కాని బ్రేకు పాతదే. టైరు పాతదే. చట్రం పాతదే. పట్టీ పెరిగింది గాని ఆగే శక్తి పెరగలేదు. సరుకు ఎత్తుగా పేరిస్తే మలుపులో బండి పక్కకి ఒరుగుతుంది.

ఎంత సరుకు వెయ్యాలో ఆర్‌సీ చూసి లెక్క కట్టవచ్చు. మొత్తం బరువు 2,950 కిలోలని రాసి ఉందనుకోండి. ఖాళీ బండి బరువు 1,700 కిలోలు. తీసివేస్తే 1,250 కిలోలు. డ్రైవరు, తోడు మనిషి కలిసి 130 కిలోలు. మిగిలింది 1,120 కిలోలు. టమాటా ట్రే ఒకటి 25 కిలోలు. అంటే 44 ట్రేలు వెయ్యవచ్చు. ఇంకో 20 ట్రేలు వేస్తే 480 కిలోలు ఎక్కువైనట్టు. అధిక బరువుకి చట్టంలో జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ఒక్కో టన్నుకి మరో 2,000. ఆ ట్రిప్పులో మిగిలేది ఎంత? పోయేది ఎంత?

తొట్టిలో మనుషులు వద్దు

వరి నాట్లకు, మిరప కోతలకు కూలీలను సరుకు బండ్లలో తీసుకుపోతుంటారు. తొట్టిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు. బండి ఒరిగితే రోడ్డు మీద పడతారు. తొట్టిలో బల్లలు బిగించినంత మాత్రాన అది మనుషుల బండి కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. సరుకు యజమాని, లేదా అతని తరపు మనిషి సరుకుతో వెళ్ళవచ్చు. వారికి రక్షణ ఉండాలని 1994లో చట్టం సవరించారు. కూలీల గుంపుకి అది వర్తించదు. ప్రమాదం జరిగితే ఆ కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగాలి. పరిహారం బండి యజమాని మీద పడుతుంది. బండితో పాటు పొలం కూడా అమ్ముకోవాల్సి రావచ్చు.

కాబట్టి కూలీలకు ఆటోయో, బస్సో మాట్లాడాలి. బండి ఎక్కమంటే "మేము ఎక్కం" అని కూలీలు కూడా చెప్పాలి. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు.

చదివి చూసుకోండి

1. బండి మీది ఛాసిస్ నంబరు ఆర్‌సీతో కలిసిందా?
2. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉన్నాయి?
3. బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారు? తేదీ రాసి పెట్టారా?
4. టైరు మీది నాలుగంకెలు ఏమిటి?
5. ఈ బండి ఎన్ని ట్రేలు మోయగలదు? లెక్క కట్టండి.

ఒక నోటు పుస్తకం బండిలోనే పెట్టుకోవాలి. ఏ రోజు ఏ పని చేయించారో, ఏ సామాను కొన్నారో, ఎంత ఇచ్చారో అందులో రాయాలి. బిల్లు అడిగి తీసుకోవాలి. ఏడాది తర్వాత ఆ పుస్తకం చూస్తే బండి మీద ఎంత పెట్టారో, ఎంత వచ్చిందో తెలుస్తుంది. ఏ పని ఎప్పుడు మళ్ళీ చెయ్యాలో కూడా తెలుస్తుంది.