అన్న టైముకే వస్తే...

2023 జులై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేవడాన్ని దేశమంతా చూసింది. ముందు అనుకున్న క్షణం కంటే అది 4 సెకన్లు ఆలస్యంగా లేచిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దారిలో అంతరిక్షంలోని వస్తువులతో ఢీకొనే ప్రమాదం ఉందని లెక్క తేలడంతో ఆ నాలుగు సెకన్లు ఆపారు. ఆ ముక్కను ఇస్రో తన వార్షిక నివేదికలోనూ రాసిపెట్టింది. 2012 సెప్టెంబరు 9న ఇస్రో వందో మిషన్ పీఎస్‌ఎల్‌వీ-సీ21 ఇలాంటి కారణంతోనే 9.51కి బదులు 9.53కి లేచింది. ఎదురుగా ప్రధాని మన్మోహన్ సింగ్ కూర్చుని ఉన్నారు. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ ప్రయోగం కూడా రాత్రి 9.58కి బదులు 10 గంటలకు జరిగింది. రెండు నిమిషాల ఆలస్యానికి కూడా కారణం చెప్పుకునే చోటు శ్రీహరికోట. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లేదాకా ఇది నెల్లూరు జిల్లానే.

ఇదే తీరంలో, కార్డు మీద వేసిన టైముకు రిసెప్షన్‌కు వెళ్లి చూడండి. షామియానా గుంజలు అప్పుడే పాతుతుంటారు. కుర్చీలు ఇంకా వ్యాన్‌లోనే ఉంటాయి. పెళ్లికూతురు బ్యూటీ పార్లర్ నుంచి రాలేదు. గడప దగ్గర ఎదురైన బంధువు “ఏందన్నా, అప్పుడే వచ్చేసినావా!” అంటాడు. ఆ మాటలో ఆప్యాయత ఉంది, కంగారూ ఉంది. ఇంటాయన బనీను మీదే పరుగెత్తుకొచ్చి ఫ్యాను వేస్తాడు. తప్పు చేయనివాడు తప్పు చేసినవాడిలా ఓ మూల కూర్చుంటాడు. అతనికి మరో బాధ కూడా ఉంది. భోజనం కోసమే ముందొచ్చాడని ఎవరైనా అనుకుంటారేమోనని.

మన ఊళ్లలో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఉండేది కాదు. మొదటి పిలుపు బొట్టు పెట్టి చెప్పేది, రెండో పిలుపు వంటలయ్యాక వచ్చేది. విస్తళ్లు వేశాక ఒక కుర్రాడు ఇంటింటికీ వెళ్లి “భోజనాలకు రమ్మంటున్నారు” అని చెప్పేవాడు. ఆ రెండో పిలుపే అసలు టైము. అది రాకుండా వెళ్లడం మర్యాద కాదు, వచ్చాక ఆగడమూ మర్యాద కాదు. ఫంక్షన్ హాళ్లు వచ్చాక ఆ కుర్రాడు లేకుండా పోయాడు. కార్డు మీద అంకె మిగిలింది, పిలుపు కోసం ఆగే అలవాటూ మిగిలింది. మనవాళ్లు కాలం విలువ తెలియనివాళ్లని అనేవారితో నేను ఒప్పుకోను. ఎవరూ వచ్చి చెప్పని ఆ రెండో పిలుపు ఎప్పుడో ఊహించుకోవడంలోనే గంటా గంటన్నర తేడా వస్తోంది.

కాలం విలువ తెలుసనడానికి సాక్ష్యం ముహూర్తం. రాత్రి 2.17 అని పురోహితుడు పెడితే, విందుకు రెండు గంటలు ఆలస్యమైన పెళ్లివారే ఆ నిమిషానికి జీలకర్ర బెల్లం పెట్టిస్తారు, గట్టిమేళం మోగిస్తారు. పంచాంగానికి నిమిషం కూడా పెద్ద కొలతే. గడియ అంటే 24 నిమిషాలు, అందులో అరవయ్యో వంతైన విఘడియ 24 సెకన్లు.

గ్రహాల కోసం రాకెట్‌కు పెట్టే ముహూర్తం ఇంకా కఠినం. భూమి, అంగారకుడు అనువైన స్థానాలకు వచ్చేది సుమారు 26 నెలలకొకసారి. మంగళయాన్‌ను 2013 అక్టోబరు 28న పంపాలనుకున్నారు. రాకెట్ చివరి దశను పసిఫిక్ మీద కనిపెట్టి ఉండాల్సిన రెండు ఓడల్లో ఒకటైన నలంద, తుపాను వాతావరణం వల్ల ఫిజీ వైపు చేరడం ఆలస్యమైంది. గడువు నవంబరు 19 దాకా ఉంది కాబట్టి సరిపోయింది. నవంబరు 5 మధ్యాహ్నం 2.38కి రాకెట్ లేచింది. ఆ గడువు కూడా దాటి ఉంటే 2016 దాకా ఆగాల్సి వచ్చేది.

నెల్లూరు సూర్యుడే గడియారానికి పది నిమిషాలు వెనక. మన ప్రామాణిక కాలం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖను బట్టి నడుస్తుంది. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల మీద ఉంది. అందుకే ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12.10కి. 1906 జనవరి 1న ప్రామాణిక కాలం రాకముందు రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. ఆ కాలానికీ నెల్లూరు సూర్యుడికీ తేడా నిమిషమే.

నెల్లూరు దగ్గర పెన్నా ఒడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. నడుముకు గడియారం వేలాడదీసుకుని తిరిగిన మనిషి ఆయన. 1948 జనవరి 30న సర్దార్ పటేల్‌తో మాటల్లో పడి, సాయంత్రం 5 గంటల ప్రార్థనకు పది నిమిషాలు ఆలస్యమైనందుకు దారిపొడవునా నొచ్చుకుంటూనే నడిచారు. ఆయన ఆఖరి నడక అదే.

అతిథి ఆలస్యం మన ఒక్కరిదే కాదు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ లెవీన్ బ్రెజిల్, కాలిఫోర్నియా విద్యార్థులను ఒకే ప్రశ్న అడిగారు: మిత్రుడు భోజనానికి ఎంతసేపు రాకపోతే ఆలస్యమైనట్టు? కాలిఫోర్నియావాళ్లు 19 నిమిషాలన్నారు, బ్రెజిల్‌వాళ్లు 33. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడే జీవితంలో పైకొచ్చినవాడై ఉంటాడని కూడా బ్రెజిల్ విద్యార్థులు భావించారు. మన సభల్లో ముఖ్య అతిథి కోసం గంటల తరబడి ఎదురుచూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ఆ పద్ధతి నాకు మాత్రం నచ్చదు. ముందొచ్చి కూర్చున్న వందమంది కాలం ఒక్కడి గొప్పకు ఖర్చు కాకూడదు.

తీరంలో ఆలస్యాన్ని ఎన్నడూ ఒప్పుకోనిది గాలి. తెరచాప కట్టిన తెప్పలు తెల్లవారుజామున నేల మీద నుంచి వీచే గాలితో లోపలికి పోయేవి, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఒడ్డుకు వచ్చేవి. ఒకడు నిద్ర లేవకపోతే తెప్ప మీది అందరికీ ఆ రోజు వేట తప్పేది. ఇప్పుడు ఇంజన్లు వచ్చాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మాత్రం తేదీ తప్పదు. రాకెట్ ప్రయోగం రోజునా శ్రీహరికోట వైపు సముద్రంలోకి పడవలు పోకూడదు.

శ్రీహరికోటలో జనం చూడటానికి 2019లో గ్యాలరీ కట్టారు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ మధ్యగా పోయే రోడ్డు మీద, పెళ్లి విందుకు ఆలస్యంగా బయల్దేరే కుటుంబాలే ప్రయోగానికి గంటల ముందు పిల్లలతో, పులిహోర డబ్బాలతో బారులు తీరతాయి. అక్కడ ముందొచ్చినవారిని ఎవరూ “అప్పుడే వచ్చేసినారా” అని అడగరు.