దగ్గుంది... దిగులొద్దు!

తెల్లవారుజామున నాలుగున్నర. కోడి కూయకముందే వెనక గదిలోంచి దగ్గు మొదలవుతుంది. ఖళ్లు ఖళ్లుమంటూ పావుగంట... ఒక్కోరోజు అరగంట. ఇంట్లో ఒక్కొక్కరికీ మెలకువ వచ్చేస్తుంది. కోడలు లేచి స్టవ్ మీద వేడినీళ్లు పెడుతుంది. మనవడు దుప్పటి ముసుగేసుకుంటాడు. దగ్గు కాస్త నెమ్మదించాక తాతయ్య మెల్లగా అంటాడు, ‘నావల్ల మీకెవరికీ నిద్ర లేదు కదూ!’ అని.

వచ్చేనెల్లో మనవరాలి పెళ్లి. ‘నేను రాన్లే అమ్మా. సరిగ్గా ముహూర్తం వేళకి దగ్గు తెర వచ్చిందంటే అందరూ నావైపే చూస్తారు. అక్షింతలు ఇక్కణ్నుంచే వేస్తాను’ అనేశాడు. దగ్గు మనిషిని మంచాన పడెయ్యకపోవచ్చు. కానీ ఇలా మెల్లమెల్లగా నలుగురికీ దూరం చేస్తుంది. మొదట సినిమా హాలు, తర్వాత గుడి, ఆపైన పెళ్లిళ్లు... చివరికి మిగిలేది ఆ వెనక గదే.

ఇలాంటి తాతయ్యలూ నాన్నమ్మలూ చాలా ఇళ్లలో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందిని వేధించేది ‘సీవోపీడీ’ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 35 లక్షల మంది దీనివల్ల చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన అవసరమూ లేదు.

అసలెందుకీ దగ్గు?

మన శ్వాసనాళాల లోపలి గోడల మీద కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుంది. లోపల పేరుకున్న దుమ్మూ ధూళినీ తెమడతోపాటు అది ఎప్పటికప్పుడు పైకి నెట్టేస్తుంటుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. ఏళ్ల తరబడి పొగ పీలిస్తే ఆ నూగు దెబ్బతింటుంది. మరోపక్క తెమడ ఎక్కువగా ఊరుతుంది. నాళాలు వాచి ఇరుకవుతాయి. తుడిచేవాళ్లు లేక చెత్త పేరుకున్న వీధిలా తయారవుతుంది లోపల. ఇక దాన్ని బయటకు పంపడానికి శరీరానికి మిగిలిన ఒకే ఒక్క దారి... దగ్గు. రాత్రంతా పేరుకున్న తెమడ కదులుతుంది కాబట్టే పొద్దున్నే అంత ఉధృతి.

చుట్టలూ బీడీలూ సిగరెట్లూ తాగే మగవాళ్లకే ఈ జబ్బు వస్తుందనుకుంటే పొరపాటే. జన్మలో బీడీ ముట్టని ఆడవాళ్లకీ వస్తోంది. ఊదుగొట్టం పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, పచ్చి కట్టెలతోనో పిడకలతోనో ముప్ఫై నలభై ఏళ్లు వంట చేసిన తల్లుల ఊపిరితిత్తులు పీల్చిన పొగ తక్కువేం కాదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక ఎన్నో ఇళ్లలోకి గ్యాస్ పొయ్యి వచ్చింది. కానీ అప్పటికే పీల్చిన పొగ తాలూకు దగ్గు అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ సిలిండర్ ఆదా చేద్దామని స్నానాల నీళ్లకు పెరట్లో కట్టెలు రాజేసే ఇళ్లున్నాయి. ఆ పని మాత్రం దగ్గుతున్న మనిషికి అప్పగించకండి.

దగ్గడానికీ పద్ధతుంది!

తెరలు తెరలుగా దగ్గితే ఆయాసమే తప్ప తెమడ కదలదు. ఫిజియోథెరపిస్టులు నేర్పే పద్ధతి వేరు. కుర్చీలో కాస్త ముందుకు వంగి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. నాలుగైదుసార్లు నెమ్మదిగా, నిండుగా గాలి పీల్చి వదలాలి. తర్వాత ఓ మోస్తరుగా గాలి పీల్చుకుని నోరు తెరిచి ‘హా...’ అంటూ బలంగా వదలాలి... అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టుగా. ఇలా రెండు మూడుసార్లు చేశాక తెమడ గొంతులోకి వచ్చినట్టు అనిపించినప్పుడు ఒకటి రెండుసార్లు దగ్గితే చాలు, వచ్చేస్తుంది. పొద్దున్నే పది నిమిషాలు దీనికి కేటాయిస్తే రోజంతా కాస్త తెరిపిగా ఉంటుంది.

దగ్గుతోపాటు ఆయాసం వస్తే మరో చిట్కా. రెండు అంకెలు లెక్కపెట్టే లోపు ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలు ఊదుకుంటున్నట్టు పెదాలు సున్నాలా చుట్టి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ వదలాలి.

దగ్గినప్పుడల్లా మూత్రం చుక్కలు పడటం చాలామంది ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేని బాధ. దగ్గు వచ్చేముందు కటి కండరాలను బిగబట్టడం, వాటిని బలపరిచే వ్యాయామాలు రోజూ చేయడం మేలు చేస్తాయి. డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఇన్‌హేలరంటే భయమా?

‘అది అలవాటైపోతుందట’ అన్నది ఊరూరా వినిపించే మాట. నిజం ఇదీ: నాళాలను వదులు చేసే సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటే, అదే మందు ఇన్‌హేలర్ ఒక్క నొక్కుకు వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే నలభయ్యో వంతు! అదీ నేరుగా చేరాల్సిన చోటికే చేరుతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని పెద్దవాళ్లకు ‘స్పేసర్’ అనే గొట్టం తగిలిస్తే తేలిక. మందు పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే వాడిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోరు పూస్తుంది.

తెమడ దగ్గును అణిచేసే సిరప్‌లు సొంతంగా కొని తాగొద్దు. బయటకు రావాల్సింది లోపలే ఉండిపోతుంది.

ఇవీ గుర్తుంచుకోండి

* పొగతాగడం మానేయడాన్ని మించిన మందు లేదు. మానేసిన కొత్తలో దగ్గు కాస్త ఎక్కువ కావచ్చు. భయపడి మళ్లీ ముట్టించొద్దు.

* అగరుబత్తీలు, దోమల చుట్టలు, తాలింపు ఘాటు, భోగిమంటలు, దీపావళి పొగ... అన్నింటికీ దూరంగా ఉండాలి.

* డాక్టరు వద్దనకపోతే నీళ్లు తరచూ తాగాలి. తెమడ పలచబడుతుంది.

* రాత్రి భోజనం పెందలాడే, తక్కువగా తినాలి. తినగానే పడుకోవద్దు. తలవైపు కాస్త ఎత్తు ఉండేలా చూసుకోవాలి.

* ఆయాసమొస్తుందని కదలకుండా కూర్చుంటే కండరాలు బలహీనమై ఆయాసం ఇంకా పెరుగుతుంది. రోజూ చేతనైనంత నడవాలి.

* ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగాలి.

ఆలస్యం చేయొద్దు!

రెండు వారాలకు మించి దగ్గుంటే ముందు క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇది ఉచితం. సీవోపీడీ అవునో కాదో గాలి ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష తేలుస్తుంది. జబ్బు ఉందని తెలిసినవాళ్లయినా తెమడ రంగు మారినా, ఎక్కువైనా, జ్వరం వచ్చినా, బరువు తగ్గుతున్నా వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. తెమడలో రక్తం కనిపించినా, ఛాతీ నొప్పి వచ్చినా, పెదాలు నీలంగా మారినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంటివాళ్లు చేయాల్సింది ఒకటుంది. ‘మళ్లీ మొదలైంది’ అన్న విసుగు మాటల్లోనే కాదు, మొహంలోనూ కనపడనీయకూడదు. కరోనా వచ్చిన 2020 నుంచీ దగ్గిన మనిషిని జనం చూసే చూపే మారిపోయింది. సీవోపీడీ అంటువ్యాధి కాదు. ఆ మాట చుట్టాలకు ఇంటివాళ్లే చెప్పాలి.

ఇక తాతయ్య పెళ్లికి వెళ్లొచ్చు. హోమం పొగ తగలని చోట, అవసరమైతే చప్పుడు కాకుండా లేచి వెళ్లడానికి వీలుగా వరస చివర ఓ కుర్చీ, చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు, జేబులో ఇన్‌హేలర్, పక్కన మనవడు. ముహూర్తానికి దగ్గొస్తే రానీయండి. ఆ సమయానికి బాజాలు ఎలాగూ మోగుతుంటాయి!