జర్మనీ, కేమన్ దీవులు: రెండు ఆర్థిక వ్యవస్థల పోలిక

పరిచయం

ముందటి పాఠాల్లో మీరు స్థూల దేశీయోత్పత్తి, తలసరి ఆదాయం, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి అనే కొలమానాల గురించి చదివారు. వాటి ఆధారంగా దేశాలను వరుసలో పెట్టి చూపడం పత్రికల్లో మామూలే. ఆ వరుసలో జర్మనీ తలసరి ఉత్పత్తి సుమారు 50 వేల డాలర్లు. కరీబియన్ సముద్రంలోని కేమన్ దీవులది 80 వేల డాలర్లకు పైమాటే. ఈ అంకెలను బట్టి కేమన్ దీవులు జర్మనీ కంటే ముందున్న ఆర్థిక వ్యవస్థ అని ఒక విద్యార్థి పరీక్షలో రాస్తే, లెక్క ప్రకారం తప్పు పట్టడం కష్టం. అయినా అది సరైన సమాధానం కాదు. ఎందుకు కాదో ఈ పాఠంలో చూద్దాం.

జర్మనీ జనాభా సుమారు 8 కోట్ల 30 లక్షలు. కేమన్ దీవుల్లో 2021 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 71 వేల మంది. మన ప్రాంతంలో ఒక మాదిరి మున్సిపాలిటీలో అంతమంది ఉంటారు. మూడు దీవులూ కలిపి 260 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. అయినా అమెరికా ప్రభుత్వ బాండ్లు ఏయే విదేశాల వారి పేరిట ఉన్నాయో తెలిపే జాబితాలో ఇటీవలి సంవత్సరాల్లో కేమన్ పేరు మొదటి పదిలో కనిపిస్తోంది. ఇంత తక్కువ మంది అంత సొమ్ము ఎలా కూడబెట్టారు? వారు కూడబెట్టలేదు. ఆ సొమ్ము వారిది కాదు, వారి దీవి చిరునామా మీద నమోదైన ఇతరుల సొమ్ము. ఈ తేడాను మనసులో ఉంచుకొని ముందుకు సాగండి.

ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు

రెండు చోట్ల నుంచీ ఒక్కో ఊరిని తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఉత్తర జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్ పట్టణాన్ని 1938లో కార్ల ఫ్యాక్టరీ కోసమే నిర్మించారు. ఈనాడు పట్టణ జనాభా సుమారు 1 లక్షా 25 వేలు. అక్కడి ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారంలో, కార్యాలయాల్లో పనిచేసేవారు సుమారు 60 వేలు. వీరిలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోతుంటారు.

ఇక్కడ విలువ జోడింపు కంటికి కనిపిస్తుంది. ఉక్కు రేకు లోపలికి వస్తుంది. దాన్ని ప్రెస్సులో ఆకారానికి తెచ్చి, వెల్డింగ్ చేసి, రంగు వేసి, ఇంజను, సీట్లు, వైర్లు అమర్చి కారుగా బయటికి పంపుతారు. వచ్చిన సరుకు ధరకూ వెళ్లిన సరుకు ధరకూ ఉన్న తేడాయే జోడించిన విలువ. అందులోంచే జీతాలు, వడ్డీలు, లాభాలు, పన్నులు వస్తాయి. కారులోని భాగాలన్నీ ఈ ఒక్క కర్మాగారంలోనే తయారు కావు. బేరింగులు, గాజు, పంపులు, తాళాలు చేసే వందలాది సంస్థలు దేశమంతటా, దేశం బయటా ఉన్నాయి. జర్మనీలో వాటిలో చాలా భాగం ఒక కుటుంబం తరతరాలుగా నడుపుతున్న మధ్యతరహా సంస్థలు. ఏదో ఒక చిన్న వస్తువును ప్రపంచంలో అందరికంటే బాగా చేయడమే వాటి బలం.

ఈ వ్యవస్థకు మూలం శిక్షణ. బడి ముగించిన యువకుడో యువతో ఒక సంస్థతో ఒప్పందం చేసుకుని, వారంలో కొన్ని రోజులు వృత్తి విద్యాలయంలో చదువుతూ, మిగతా రోజులు సంస్థలో పని నేర్చుకుంటారు. నేర్చుకునే కాలంలోనూ భత్యం ఉంటుంది. శిక్షణ రెండు నుంచి మూడున్నర సంవత్సరాలు సాగుతుంది. మీలో ఐటిఐ చదివి అప్రెంటిస్‌షిప్ చేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే అక్కడ తరగతీ యంత్రమూ చాలావరకు మొదటి నుంచే కలిసి నడుస్తాయి.

లాభంపై పన్ను ఎంత? జర్మనీలో కంపెనీలు 15 శాతం కార్పొరేట్ పన్ను, దానిపై కొంత సర్‌ఛార్జి చెల్లిస్తాయి. వీటికి తోడు స్థానిక మున్సిపాలిటీకి వ్యాపార పన్ను కూడా కట్టాలి. అన్నీ కలిపితే దాదాపు 30 శాతం. మున్సిపాలిటీకి చేరే భాగం ఎంత ముఖ్యమో 2015లో వోల్ఫ్స్‌బుర్గ్‌కు తెలిసివచ్చింది. ఆ సెప్టెంబరులో డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో కంపెనీ మోసం బయటపడగానే, రాబడి పడిపోతుందని పట్టణ పాలక సంస్థ కొత్త ఖర్చులనూ కొత్త నియామకాలనూ నిలిపివేసింది. తప్పు జరిగింది కంపెనీ లోపల. దెబ్బ తగిలింది ఊరి బడ్జెట్‌కు.

కాబట్టి వస్తూత్పత్తిపై నిలిచిన దేశానికి కష్టాలు ఉండవని అనుకోవద్దు. 2022లో రష్యా గ్యాస్ ఆగి ఇంధనం ధర పెరిగినప్పుడు జర్మన్ రసాయన పరిశ్రమ కుదేలైంది. 2023లో దేశ ఉత్పత్తి పెరగకపోగా కొంత తగ్గింది కూడా.

ఐదంతస్తుల భవనం ఉన్న ఊరు

ఇప్పుడు కేమన్ దీవుల రాజధాని జార్జ్‌టౌన్‌కు వద్దాం. ఈ దీవుల పాత జీవనాధారాలు సముద్రపు తాబేళ్ల వేట, తాటిజాతి ఆకులతో తాళ్లు పేనడం, ఓడల్లో నావికులుగా వెళ్లి ఇంటికి డబ్బు పంపడం. సారవంతమైన నేల తక్కువ. 1959 వరకు ఇవి జమైకా పాలన కింద ఉండేవి. 1962లో జమైకా స్వతంత్రమైనప్పుడు కేమన్ ప్రజలు బ్రిటన్ కిందే ఉండిపోయారు. 1960వ దశకంలో కంపెనీల చట్టం, బ్యాంకులు, ట్రస్టుల చట్టం వచ్చాయి. ఆదాయపు పన్నును ఎవరో వచ్చి రద్దు చేయలేదు, అది అక్కడ మొదటి నుంచీ లేదు. బ్రిటిష్ న్యాయ పద్ధతి, ఇంగ్లీషు భాష, అమెరికా డాలరుతో స్థిరంగా ముడిపడిన కరెన్సీ దీనికి తోడయ్యాయి. పేద నావికుల దీవి తన దగ్గరున్న ఒకే ఒక వనరును, అంటే చట్టం చేసుకునే అధికారాన్ని, అమ్మకానికి పెట్టిందని చెప్పవచ్చు. ఆ నిర్ణయాన్ని దూరం నుంచి తప్పుపట్టే ముందు, తాళ్లు పేనే బతుకును కూడా గుర్తుంచుకోవాలి.

జార్జ్‌టౌన్‌లో ఉగ్లాండ్ హౌస్ అనే ఐదంతస్తుల కార్యాలయ భవనం ఉంది. అమెరికా పార్లమెంటుకు లెక్కలు పరిశీలించి ఇచ్చే సంస్థ 2008లో చూసేసరికి, ఆ ఒక్క చిరునామాపై 18,857 సంస్థలు నమోదై ఉన్నాయి. భవనంలో నిజంగా పనిచేస్తున్నది మాత్రం ఒక న్యాయవాద సంస్థ. మిగిలినవి దాని బీరువాల్లోని దస్త్రాలు. ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద భవనమైనా కావాలి, పెద్ద పన్ను మోసమైనా కావాలి అనే అర్థంలో ఒబామా వ్యాఖ్యానించడంతో ఆ భవనం పేరు ప్రపంచానికి తెలిసింది.

అయితే ఇదంతా మోసమేనా? కాదు. ఒక అమెరికన్ పెన్షన్ నిధి, ఒక జపాన్ బీమా సంస్థ, ఒక యూరప్ మదుపరి కలిసి ఆసియా కంపెనీల్లో పెట్టుబడి పెట్టాలనుకున్నాయని భావించండి. ఉమ్మడి నిధిని ముగ్గురిలో ఒకరి దేశంలో పెడితే, మిగిలిన ఇద్దరూ తమకు సంబంధం లేని ఆ దేశపు పన్ను కూడా కట్టవలసి రావచ్చు. పన్ను లేని చోట పెడితే ఎవరి పన్ను వారు తమ దేశంలో కట్టుకుంటారు. దీన్ని పన్ను తటస్థత అంటారు. ప్రపంచంలోని హెడ్జ్ ఫండ్లలో అధిక భాగం కేమన్‌లో నమోదు కావడానికి ఇది ముఖ్య కారణం.

చిక్కంతా రెండో ఉపయోగంలో ఉంది. ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఒక యంత్రాల కంపెనీ లాభం 100 కోట్లు. 30 శాతం చొప్పున పన్ను 30 కోట్లు. ఆ కంపెనీ తన పేటెంట్లను పన్ను లేని దీవిలోని సొంత శాఖ పేరిట మార్చి, వాటిని వాడుకున్నందుకు ఏటా 60 కోట్ల రాయల్టీ ఆ శాఖకు చెల్లించింది. ఇప్పుడు స్వదేశంలో మిగిలిన లాభం 40 కోట్లు, పన్ను 12 కోట్లు. ఒక్క యంత్రం కదలలేదు, ఒక్క కార్మికుడు ఊరు మారలేదు. ప్రభుత్వానికి మాత్రం 18 కోట్లు తగ్గాయి. ఆ మేరకు బడులు, ఆసుపత్రుల ఖర్చు తగ్గించాలి, లేదా పారిపోలేని జీతగాళ్ల నుంచి రాబట్టాలి. ఇలాంటి చెల్లింపులకు జర్మనీ సహా అనేక దేశాల చట్టాలు ఇప్పుడు అడ్డుకట్టలు వేశాయి. ఇక్కడ సూత్రం అర్థం కావడం ముఖ్యం.

మరి కేమన్ ప్రభుత్వం ఎలా నడుస్తుంది? కంపెనీల నమోదు రుసుములు, విదేశీ ఉద్యోగుల పర్మిట్ల రుసుములు, భూమి అమ్మకాలపై స్టాంపు సుంకం, దిగుమతి సుంకాలు దాని రాబడి. దాదాపు ప్రతి వస్తువూ ఓడలోనే రావాలి కనుక ధరలు ఎక్కువ. దిగుమతి సుంకం కొనేవాని ఆదాయాన్ని చూడదు. హోటల్లో గదులు తుడిచే ఉద్యోగి, నిధి నిర్వాహకుడు ఒకే రకం ఫ్రిజ్ కొంటే కట్టే సుంకమూ ఒకటే. నివాసుల్లో దాదాపు సగం మంది పని కోసం బయటి నుంచి వచ్చినవారే. తలసరి 80 వేల డాలర్లు అన్న సగటు ఈ ఇద్దరినీ కలిపి భాగించగా వచ్చినదని మరచిపోకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో రాయల్టీ 60 కోట్లకు బదులు 80 కోట్లయితే స్వదేశంలో పన్ను ఎంత? ప్రభుత్వం నష్టపోయేది ఎంత?

కొలమానాలు ఎక్కడ దారి తప్పుతాయి?

ఐర్లండ్ స్థూల దేశీయోత్పత్తి 2015లో ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని లెక్క తేలింది. కొత్త ఫ్యాక్టరీలు అంతగా రాలేదు. బహుళజాతి సంస్థలు తమ పేటెంట్ల వంటి ఆస్తులను అక్కడికి మార్చుకున్నాయి. చివరికి ఐర్లండ్ గణాంక శాఖే అలాంటి అంశాలను తీసివేసి, సవరించిన జాతీయాదాయం అనే వేరే లెక్కను ప్రచురించవలసి వచ్చింది.

విదేశీ పెట్టుబడి విషయమూ అంతే. అంతర్జాతీయ ద్రవ్య నిధి 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం, ప్రపంచ విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిలో సుమారు 40 శాతం అసలు వ్యాపారం లేని ఖాళీ కంపెనీల గుండా సాగేదే. 6 లక్షల జనాభా గల లక్సెంబర్గ్‌లో అమెరికాకు వచ్చినంత పెట్టుబడి నమోదైంది. పుస్తకంలో చేరిన పెట్టుబడి, నేల మీద నిలిచిన పెట్టుబడి ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది.

మన దేశానికి తగిలిన దెబ్బ

హైదరాబాదులోనో విజయవాడలోనో హచ్ కనెక్షన్ వాడినవారికి ఈ కథలో చిన్న భాగం ఉంది. 2007లో ఆ వ్యాపారం వోడాఫోన్ చేతికి వచ్చింది. ధర సుమారు 11 బిలియన్ డాలర్లు. టవర్లు, వినియోగదారులు అందరూ భారతదేశంలోనే ఉన్నారు. కానీ అమ్మింది భారతీయ కంపెనీని కాదు. కేమన్ దీవుల్లో నమోదైన సిజిపి ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థ తాలూకు ఒకే ఒక వాటాను. భారత వ్యాపారం ఆ సంస్థ కింద ఉంది. లాభం ఇక్కడి ఆస్తుల నుంచే వచ్చింది కనుక 11 వేల కోట్ల రూపాయలకు పైగా పన్ను కట్టాలని ఆదాయపు పన్ను శాఖ కోరింది. విదేశంలో రెండు విదేశీ సంస్థల మధ్య జరిగిన వాటా బదిలీపై పన్ను వేయడానికి అప్పటి చట్టం అనుమతించదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం వెనకటి తేదీ నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించింది. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో ఓడిపోయింది. 2021లో ఆ వెనకటి పన్ను డిమాండును పార్లమెంటే ఉపసంహరించింది. వెనక్కి వెళ్లి పన్ను వేయడం సరికాదన్న వాదనలో బలముంది. కానీ ఒక్క వాటా కాగితం ఇక్కడి కోట్లాది వినియోగదారుల వ్యాపారాన్ని చట్టం చేతికి అందనంత దూరం పెట్టగలిగింది అన్నది మనం గమనించవలసిన సంగతి.

నిబంధనలు మారితే

కేమన్ బలం చట్టంలో ఉంది కనుక ప్రమాదమూ చట్టం వైపు నుంచే వస్తుంది. 2020 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ ఈ దీవులను సహకరించని ప్రాంతాల జాబితాలో చేర్చి, కొన్ని చట్టాలు మార్చాక అక్టోబరులో తీసివేసింది. కొన్ని రకాల వ్యాపారాలు చేసే కంపెనీలు దీవిలో తగినంత మంది సిబ్బందిని, కార్యాలయాన్ని చూపాలన్న నిబంధన 2019 నుంచే అమల్లోకి వచ్చింది.

అంతకంటే పెద్ద మార్పు 2021లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం. ఏటా 75 కోట్ల యూరోలకు పైగా టర్నోవరు ఉన్న సంస్థల సమూహాలు ఎక్కడ లాభం చూపినా కనీసం 15 శాతం పన్ను కట్టాలన్నది దాని సారం. జర్మనీ దీన్ని 2024 నుంచి అమలు చేస్తోంది. ఈ పన్ను లెక్కకట్టే పద్ధతిలో ఒక మినహాయింపు ఉంది. ఆ దేశంలో చెల్లించిన జీతాల్లో కొంత శాతాన్ని, అక్కడ నిజంగా ఉన్న భవనాలు, యంత్రాల విలువలో కొంత శాతాన్ని లాభం నుంచి తీసివేసి, మిగిలినదానికే ఈ కనీస పన్నును వర్తింపజేస్తారు. వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఇలా తీసివేయడానికి 60 వేల జీతాలు, ప్రెస్సు షాపులు, పెయింట్ షాపులు ఉన్నాయి. ఉగ్లాండ్ హౌస్ చిరునామా మీది కంపెనీలకు తీసివేయడానికి దాదాపు ఏమీ దొరకదు.