వెనుక ఇరుసు ముందుగానే హెచ్చరిస్తుంది
- సకాలంలో గుర్తిస్తే చిన్న మరమ్మతు. విస్మరిస్తే పెను ప్రమాదం

ప్రభుత్వ శాఖల జీపులు, ఆర్.టి.సి. బస్సులు, సరకు లారీలలో అధిక భాగం ఇంజను శక్తిని వెనుక చక్రాల ద్వారానే రోడ్డుకు అందిస్తాయి. బరువు మోయడం, చక్రాలను తిప్పడం, బ్రేకు వేసినప్పుడు కలిగే ఒత్తిడిని తట్టుకోవడం అనే మూడు బాధ్యతలను వెనుక ఇరుసు ఏకకాలంలో నిర్వర్తిస్తుంది. ఇంతటి భారం వహించే ఈ భాగం ఉన్నట్టుండి విఫలం కావడం అరుదు. శబ్దం, వేడి, ఆయిల్ కారడం, చక్రం ఊగడం అనే నాలుగు సంకేతాలలో ఏదో ఒకటి సాధారణంగా ముందుగానే కనిపిస్తుంది. ఆ దశలో ఒక బేరింగు లేదా ఆయిల్ సీలు మార్చడంతో ముగిసే పని, నిర్లక్ష్యం చేసిన పక్షంలో ప్రాణాపాయానికి దారితీస్తుంది.

రెండు రకాల ఇరుసులు

ఇరుసు హౌసింగ్ మధ్యభాగంలో పినియన్, క్రౌన్ వీలు, డిఫరెన్షియల్ ఉంటాయి. అక్కడి నుంచి రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు చక్రాలకు శక్తిని చేరవేస్తాయి. బస్సులు, లారీలలో సాధారణంగా వాడే ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసులో వాహనం బరువును హబ్ బేరింగులు, హౌసింగ్ మోస్తాయి. షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే పరిమితం. అందువల్ల షాఫ్టు విరిగినా చక్రం స్థానంలోనే ఉంటుంది. చక్రం ఊడిపోయిందంటే హబ్ బేరింగు, హబ్ నట్టు లేదా వీలు బోల్టులలో లోపాన్ని వెతకవలసి ఉంటుంది. అనేక కార్లు, జీపులలో ఉండే సెమీ ఫ్లోటింగ్ ఇరుసులో షాఫ్టే బరువును కూడా మోస్తుంది. అది విరిగితే చక్రం షాఫ్టు ముక్కతో సహా బయటకు వచ్చే ప్రమాదం ఉంది. ప్రమాద వార్తలలో "ఇరుసు విరిగింది" అని ఒకే మాటతో పేర్కొనే ఘటనల వెనుక ఇటువంటి భిన్నమైన కారణాలు ఉండటం గమనార్హం.

షాఫ్టు విరిగినా చక్రం ఊడదు కదా అని భారీ వాహనాల విషయంలో నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న వాహనంలో ఒక షాఫ్టు విరిగితే రెండో చక్రానికి కూడా శక్తి అందదు. శ్రీశైలం, అరకు వంటి ఘాట్ రోడ్లలో దిగుతున్న బస్సుకు గేరులో ఉన్న ఇంజను ఇచ్చే అదుపు పూర్తిగా తొలగి, భారమంతా బ్రేకులపై పడుతుంది.

లోపాన్ని గుర్తించే విధానం

శబ్దం ఎప్పుడు వస్తున్నదో గమనించడం మొదటి మెట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు కూత స్వరం మారితే పినియన్ బేరింగులు, క్రౌన్ వీలు పళ్లను పరీక్షించాలి. వేగంతోపాటు పెరుగుతూ, మలుపులలో హెచ్చుతగ్గులయ్యే గరగర శబ్దం హబ్ బేరింగును సూచిస్తుంది. మలుపులలో మాత్రమే శబ్దం వస్తే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లను అనుమానించాలి. బయలుదేరేటప్పుడు "ఠక్" మనే శబ్దానికి తరచుగా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు అరుగుదలే కారణమవుతుంది. ఇరుసు విప్పడానికి ముందే దానిని పరీక్షిస్తే అనవసర వ్యయం తప్పుతుంది. రోడ్డు ఉపరితలం మారినప్పుడు శబ్దం కూడా మారితే అది టైర్లదిగా భావించవచ్చు.

తదుపరి దశలో ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి, వెనుక ఇరుసును జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్లపై నిలపాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపి, చేతితో తిప్పి చూడాలి. జంట టైర్లున్న భారీ వాహనాలలో టైరు కింద గునపం ఉంచి లేపడం ద్వారా ఊగుడును గుర్తించవచ్చు. ప్రయాణం ముగిసిన వెంటనే రెండు హబ్‌ల వేడిని పోల్చి చూడటం కూడా ఉపయుక్తం. ఒకటి అధికంగా వేడెక్కితే బేరింగు బిగుసుకుపోయిందా, బ్రేకు పట్టి ఉన్నదా అనేది తేల్చాలి.

డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని పొడి అంటుకోవడం సహజమైన అరుగుదల. లోహపు పెళుకులు, పళ్ల ముక్కలు కనిపిస్తే వాహనాన్ని తక్షణం నిలిపివేయాలి. ఆయిల్ పాల రంగులో ఉంటే నీరు చేరినట్టు అర్థం. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు వరద వంటి విపత్తులలో లోతు నీటిలో తిరిగే సహాయక వాహనాలకు ఈ ముప్పు ఎక్కువ. వేడెక్కిన ఇరుసు నీటిలో చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకొని, బ్రీదర్ ద్వారా నీటిని పీల్చుకుంటుంది. వరద విధుల అనంతరం ఇరుసు ఆయిల్ తనిఖీని విధిగా చేపట్టడం అవసరం.

మరమ్మతులో పాటించవలసినవి

ఆయిల్ సీలు ఎన్నిసార్లు మార్చినా కారుతుంటే బ్రీదర్ మట్టితో పూడుకుపోయి ఉండవచ్చు. లోపల పెరిగిన ఒత్తిడి ఆయిల్‌ను సీలు గుండా తోస్తుంది. కారిన ఆయిల్ బ్రేకు లైనింగులకు చేరితే బ్రేకు పట్టు తగ్గి, వాహనం ఒక పక్కకు లాగుతుంది. తడిసిన లైనింగులను తుడిచి వాడరాదు. ఇరుసుకు రెండు వైపులా కొత్తవి అమర్చాలి.

బేరింగు మార్చేటప్పుడు లోపలి కోను, బయటి కప్పు రెండింటినీ జతగా మార్చాలి. హబ్ నట్టును అధికంగా బిగిస్తే బేరింగు వేడెక్కి మాడుతుంది. వదులుగా ఉంచితే చక్రం ఊగుతుంది. తయారీదారు నిర్దేశించిన కొలతే ప్రమాణం. క్రౌన్ వీలు, పినియన్ జతగా సానపట్టినవి కనుక ఒక్కదానినే మార్చరాదు. అమర్చిన పిదప డయల్ గేజీతో వాటి మధ్య ఖాళీని కొలిచి, పళ్లకు రంగు పూసి అవి ఒరుసుకునే చోటును సరిచూడాలి. పగులు కనిపించిన యాక్సిల్ షాఫ్టును వెల్డింగు చేయడం ప్రమాదకరం. దానిని తొలగించి కొత్తది అమర్చాలి. కమాను కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులను కొంత దూరం నడిపిన తరువాత మరల బిగించాలి.

చోదకుని ఫిర్యాదే తొలి ఆధారం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 56వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ ధ్రువపత్రం తప్పనిసరి. 2018లో సవరించిన నిబంధనల మేరకు దీనిని ఎనిమిదేళ్ల లోపు వాహనాలకు రెండేళ్లకు ఒకసారి, ఆపై వయసు గల వాటికి ఏటా పునరుద్ధరించుకోవాలి. అయితే ఒక తనిఖీకి, మరో తనిఖీకి మధ్య కాలంలో ఇరుసు ఇచ్చే హెచ్చరికను తొలుత గ్రహించేది చోదకుడే. "వెనుక నుంచి శబ్దం వస్తున్నది" అని అతడు చెప్పిన మాటను లాగ్ పుస్తకంలో తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా నమోదు చేయించి, వాహనాన్ని వెంటనే వర్క్‌షాపుకు పంపడం సంబంధిత అధికారుల బాధ్యత.