ముప్పదియెనిమిదవ యేట డాక్టరు పట్టము

"ఇంత వయస్సు వచ్చినాక మనము నేర్చుకొనవలసినదేమున్నది?" అని సంఘముల పెద్దలు కొందరు అనుచుందురు. మేమును అట్లే అనుకొన్నవారము. జపాను దేశపు గెనిచి టగుచి గారి సంగతి అట్టివారు తెలిసికొనదగినది.

ఆయన 1924లో కిమోనో నేతకు పేరుపొందిన టోకమాచిలో జన్మించి, మొదట నేత ఇంజనీరింగే చదివిరి. 1950 నుండి టెలిఫోను పరిశోధనశాలలో ఇంజనీర్లకు తర్ఫీదు ఇచ్చిరి. 1954-55లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో కొంతకాలముండిరి. ఇతరులకు నేర్పు స్థానమందుండియు, 1962లో క్యూషూ విశ్వవిద్యాలయము నుండి డాక్టరేటు పొందిరి.

1953లో ఒక టైళ్ళ ఫ్యాక్టరీ బట్టీలో వేడి సమముగా లేక టైళ్ళు కొలత తప్పుచుండెను. కొత్త బట్టీ కట్టుట పెద్ద ఖర్చు. టగుచి గారి పద్ధతిని వరుసగా పరీక్షలు చేసి, మట్టిలో సున్నపురాయి పాలు పెంచగా, ఆ బట్టీలోనే సరియైన టైళ్ళు వచ్చినవి.

మా సంఘములో చిలపల ఛాయ తేడాపడగా, రంగు వేయు పెద్దాయన కూలిలో కోత పెట్టితిమి. నీరు, ఉప్పు, వేడి, వేళ ఏనాడును వ్రాసి చూడలేదు. ఆ తప్పు మాది. కోసిన కూలి తిరిగి యిచ్చి, ఇప్పుడు ప్రతి కాగునకు లెక్క వ్రాయుచున్నాము.

సోదరులారా, మీ సంఘమందును నేడే ఒక నోటుపుస్తకము తెరువుడు.