మత్తు డాక్టరు ప్రశ్న, మేనరికపు జవాబు

ఆపరేషను గదిలో రోగికి మత్తు పట్టిన మరుక్షణమున, గొంతులోనికి గొట్టము దింపి ఊపిరిని వైద్యుడు తన యధీనము చేసికొనవలసి యుండును; అందులకై దేహములోని కండరములన్నియు ఒక్క నిమిషము లోపల సడలి, పని ముగిసిన కొలదిసేపటికే మరల బిగువెక్కునట్టి మందు కావలెను. 1951 ప్రాంతమున వైద్యుల చేతికి వచ్చిన సక్సినైల్ కోలిన్ అట్టి మందు. మన ఆసుపత్రులలో నర్సు మొదలుకొని మత్తు డాక్టరు వరకు దానిని స్కోలిన్ అనియే పిలుతురు. ఫ్రిజ్జులో దాచి యుంచు చిన్న సీసా అది. నాడి కండరమునకు ఆజ్ఞ నందించునపుడు వెలువడు ఎసిటైల్ కోలిన్ అణువులు రెండింటిని జతపరచినచో నేర్పడు పదార్థమే ఈ మందు. అయితే ఎసిటైల్ కోలిన్‌ను తృటిలో తుత్తునియలు చేయు నాడికొసల ఎంజైము ఎసిటైల్ కోలినెస్టరేజు ఈ జంటను మాత్రము ఛేదింపజాలదు. ఆ పని చేయునది వేరొకటి కలదు. కాలేయమున పుట్టి రక్తరసమున సంచరించుచుండు దాని శాస్త్రనామము బ్యుటిరైల్ కోలినెస్టరేజు. ల్యాబు వారి కాగితములపై సూడోకోలినెస్టరేజు. ఎక్కించిన స్కోలినులో నూటికి తొంబది పాళ్లకు మించి కండరమును చేరక పూర్వమే ఇది విరిచివేయును. మిగిలిన కొంచెమే కండరమును పట్టి, ఐదు పది నిమిషములలో వదలివేయును.

ఈ ఎంజైము లేని మనిషికి అదే మోతాదు ఎక్కించినచో, పది నిమిషములలో తీరవలసిన నిశ్చలత గంటల తరబడి సాగును. గుండె కొట్టుకొనుచుండును, మెదడు చెక్కుచెదరదు, కాని ఛాతీ కదలదు. సంగతి గ్రహింపక మత్తును ఆపివేసినచో రోగికి తెలివి వచ్చియు కనురెప్ప నైనను కదల్పలేని ఘోరావస్థ సంభవించును. గ్రహించిన వైద్యుడు కంగారుపడడు. మత్తును కొనసాగించుచు, వెంటిలేటరుతో ఊపిరి పోయుచు, మందు తనంత తాను క్షీణించువరకు వేచియుండును. మనిషి కోలుకొనును. ప్రాణాపాయము మందులో కంటె దానిని గుర్తింపకపోవుటలోనే యెక్కువగ నున్నది.

ఇట్టి లోటు కుటుంబములలో వంశపారంపర్యముగ వచ్చునని 1956లో లేమన్, రయన్ అను వైద్యు లిరువురు ఇంగ్లండునందు ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే టొరంటోలో వెర్నర్ కాలో, డైబుకేయిన్ అను మందు ఈ ఎంజైమును ఎంతమేరకు అడ్డుకొనునో కొలిచి, దానిని బట్టి మనుష్యులను వేరుపరచు విధానమును కనుగొనెను. సహజమైన ఎంజైమును అది నూటికి ఎనుబది పాళ్లు అణచును. వికృతమైన దానిని ఇరువది పాళ్లే. తల్లిదండ్రులలో ఒక్కరి వైపునుండి మాత్రమే దోషము సంక్రమించినవారికి ఆ సంఖ్య అరువది ప్రాంతమున నిలుచును. ఒకే మందు ఒకరికి ఔషధమై మరొకరికి విపత్తగుటకు మూలము జన్యువులలో వెదకు విద్యకు ఈ చిన్న పరీక్ష తొలి సోపానములలో నొకటి.

తెలుగువారి ప్రసక్తి ఇచ్చట మొదలగును. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయమున బూపతి బృందము, అమెరికాలోని నెబ్రాస్కా నుండి ఓక్సానా లాక్‌రిడ్జ్ తోడ్పాటుతో, ఆ నగరమున స్థిరపడిన వైశ్యుల రక్తమును పరీక్షించి 2006, 2007 సంవత్సరములలో ఫలితములను వెల్లడించెను. తమిళనాట తరతరములుగ వర్తకము చేయుచు ఇంట తెలుగే మాటలాడుకొను వారు వీరు. ఐరోపా, అమెరికాలలో లక్షమందికి ఒకరియందు కాన్పించునని చెప్పెడి సంపూర్ణ లోపము వీరిలో సుమారు 24 మందికి ఒకరియందు కానవచ్చెను. మూడవ క్రోమోజోము మీది జన్యువునందు ఒక్క అక్షరము మారుటచే, ఎంజైము గొలుసులో 307వ స్థానమున లూసిన్ ఉండవలసినచోట ప్రోలిన్ చేరినది. ప్రోలిన్ స్వభావము వంగని బిరుసుదనము. జనపనార మిల్లులో నూలు పేనువేళ ఒక పోగు అడ్డముగ మెలివడినచో కండె యంతయు చెడినట్లే, ఆ యొక్క చోటి వంకరచే గొలుసు సరిగా ముడుచుకొనదు, రక్తమున పనిచేయు ఎంజైము దొరకదు. పనియే లేదు గనుక కాలో గారి డైబుకేయిన్ కొలతకును వీరియందు తావు లేదు.

ఈ సమాజముననే ఇంత విస్తారముగ ఏల? దోషము వైశ్యవృత్తిలోను లేదు, ఆహారములోను లేదు. పెండ్లి సంబంధములలో నున్నది. పెనుగొండలో వాసవీ కన్యకతో అగ్నిప్రవేశము చేసిన 102 గోత్రముల వారి సంతతియే తామని ఆర్యవైశ్యులు చెప్పుకొందురు. మేనరికమును తప్పనిసరి ధర్మముగ వారు పాటించిన కాలము పెద్దలకింకను జ్ఞాపకమే. కథ కథగనే యుండనిండు. కొలది కుటుంబములనుండి పెరిగిన పెద్ద వంశమను అంశమున జన్యుశాస్త్రము దానితో విభేదింపదు. హార్వర్డునందలి డేవిడ్ రైక్, హైదరాబాదు సీసీఎంబీలోని తంగరాజ్ కలిసి దక్షిణాసియాలోని 2,800 మందికి పైగా వ్యక్తుల జన్యువులను పరిశీలించి 2017లో ప్రకటించిన వ్యాసమున వైశ్యుల దృష్టాంతము ప్రముఖముగ వచ్చినది. రెండు మూడు వేల యేండ్ల క్రిందట స్వల్పసంఖ్యాకులైన పూర్వీకులనుండి విస్తరించి, ఆపై బయటివారితో వియ్యమందకుండుటచే, ఆ పూర్వీకులలో ఏ ఒక్కరియందో యుండిన మార్పు లక్షలమందికి పంపకమైనదని దాని సారాంశము. పరిశీలించిన 263 సమూహములలో 81 ఇట్టివే. కావున ఇది కోమట్ల కొక్కరికే అంటగట్టదగినది కాదు. తక్కిన కులముల ఇనుపపెట్టెలలో ఏమేమి దాగియున్నవో తెరచి చూచినవారు తక్కువ.

కోమట్లనిన అందరు ఒక్కటే యనుకొనుటయు పొరపాటే. 2022లో శ్రీకాకుళము నుండి విజయనగరము జిల్లాలోనికి మారిన రాజాము, తాండ్ర పాపారాయని పేరుతోను, గోగునార వర్తకముతోను పేరుపొందిన ఊరు. అచ్చటి బజారులో 'కోమట్లు' అని ఒక్క మాటతో అందరిని పిలుతురు గాని, ఈ సీమలో ఆర్యవైశ్యులు వేరు, కళింగ కోమట్లు వేరు. వీరికి వారికి పూర్వము వియ్యము లేదు. మాంసాహార విషయమునను ఆచారము భిన్నము. దక్షిణ భారత కులములను గూర్చి థర్‌స్టన్ 1909లో వెలువరించిన గ్రంథముననే ఈ భేదము నమోదైయున్నది. జన్యువు అంగడి బోర్డు చదువదు. వియ్యము నడచిన త్రోవనే నడచును. కోయంబత్తూరు ఆర్యవైశ్యులలో లెక్కించిన 24కు ఒకటి యను సంఖ్యను తెచ్చి కళింగ కోమటి ఇంటి ముంగిట పెట్టుటకు ఆధారము లేదు. అట్లని వారికి బెడద లేదనియు చెప్పరాదు. అందుచేత "మీరు కోమట్లా అండీ?" అని మత్తు డాక్టరు అడుగుట హెచ్చరికగ మంచిదే గాని, అంతటితో ఆగినచో చాలదు. "మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషనయ్యాక ఊపిరి రాక చాలాసేపు మిషన్ మీద పెట్టారా అండీ?" అను ప్రశ్నయే నా దృష్టిలో ఎక్కువ విలువైనది, దానికి కులముతో పని లేదు.

ఆ ఎంజైము బొత్తిగ లేనివారు నిత్యజీవితమున ఆరోగ్యవంతులు. స్కోలిన్ గాని, అదే ఎంజైముచే విరుగు మివాక్యూరియం గాని ఎక్కించువరకు లోటున్నదని తెలియనే తెలియదు. అయినను మన పల్లెలలో మరియొక చిక్కు కలదు. పొలమున మందు కొట్టుచు సొమ్మసిల్లినవారిని ఆసుపత్రికి తెచ్చినపుడు, మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందుల ప్రభావమును తెలిసికొనుటకు ఇదే ఎంజైమును కొలుతురు. ఆ విషములు దానిని పట్టి నిర్వీర్యము చేయును గనుక కొలత పడిపోవును. ఎరువులు, పురుగుమందులు అమ్ము అంగడివాడు కళ్లు తిరిగి పడిపోయి, పుట్టుకతోనే వానికి ఎంజైము లేకపోయినచో, ఆ కాగితము చూచి విషమెక్కినదని భ్రమపడుటకు అవకాశము మిక్కుటము. కనుపాప చిన్నదగుట, చొంగ, చెమట వంటి లక్షణములు లేకుండ కొలత మాత్రమే పడిపోయినపుడు, ఎర్రరక్తకణములలోని ఎసిటైల్ కోలినెస్టరేజును కూడ చూడవలెను. పుట్టులోపమైనచో అది చెక్కుచెదరకుండ నుండును. గర్భిణులలోను, కాలేయవ్యాధి గలవారిలోను సూడోకోలినెస్టరేజు కొంత తగ్గుట సహజమే గనుక ఆ సంగతియు మనస్సున నుంచుకొనవలెను.

ఒక ఇంట ఒకరికి ఈ లోపమున్నట్లు తేలినచో, తోడబుట్టినవారిలో ప్రతి యొక్కరికిని నాలుగింట ఒక పాలు అవకాశము తప్పక ఉండును. మేనరికపు ఇండ్లలో అంతకు మించియు ఉండవచ్చును. వారందరు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకొని, ఫలితమును ఆసుపత్రి చీటీలలో పదిలపరచుకొనినచో, అర్ధరాత్రి సిజేరియనుకు తీసికొనిపోయినను మత్తు డాక్టరు స్కోలిన్ సీసా వదలి, ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం తీయును. దాని ప్రభావమును తొలగింపవలసినపుడు సుగమాడెక్స్ అను విరుగుడు కలదు.